చేయలేని పనుల పేజీ

నేను చదివింది ఏడో తరగతి. అదీ మా పల్లెటూరి బళ్లో, ఏడు తరగతులకూ ఇద్దరే పంతుళ్లు ఉన్న రోజుల్లో. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ వెనకాడలేదు. ఆ చదువుతోనే పెద్దాసుపత్రికి టెండర్లు రాశాను, పోలీసు క్వార్టర్లకు రాశాను, ప్రభుత్వ హాస్టళ్లకు రాశాను, రైలు విశ్రాంతి గదుల దుప్పట్లకు రాశాను. నేను రాసిన కాగితం తొలి కవరు దగ్గర తిరిగొచ్చిన రోజు లేదు. ఒక్కరోజు తప్ప. ఆ ఒక్కరోజు గురించే ఇది.

తెలియనివారి కోసం చెబుతాను. ప్రభుత్వానికి ఏదైనా పని చేసిపెట్టాలంటే ముందు రెండు కవర్లు ఇచ్చుకోవాలి. మనం ఎవరం, ఆ పని ఎలా చేస్తాం అనేది ఒక దాంట్లో రాస్తాం. అది సాంకేతిక కవరు. ఎంతకు చేస్తామో రెండో దాంట్లో రాస్తాం. అది ధరల కవరు. మొదటిది నెగ్గితేనే రెండోది తెరుస్తారు. చాలామంది రెండోదాని గురించే బుర్ర బద్దలు కొట్టుకుంటారు. నేను మొదటిదాన్ని నమ్ముకుని బతికాను.

అది అనుకున్నంత తేలిక కాదు. ఒక పేజీ మీద సంతకం మరిచిపోతే మొత్తం పోతుంది. ముద్ర కింద వేయాల్సింది పైన వేస్తే గుమస్తా కళ్లజోడు దించి మన వంక చూస్తాడు. అన్నీ సిద్ధం చేసుకుని వెళ్తే, నిబంధన మారిందంటూ నోటీసు బోర్డు మీద ఒక చిన్న కాగితం అతికించి ఉంటుంది. దాన్ని చూడనివాడి కష్టమంతా బూడిదలో పోసినట్టే. పెద్దాసుపత్రి బోర్డునైతే నేను రోజూ చూసేవాణ్ణి. టీ తాగడానికి వెళ్లినా ఆ దారినే వెళ్లేవాణ్ణి. “రాతల పెద్దాయన వచ్చాడు, బోర్డు తుడవండి” అని జవాన్లు వేళాకోళం చేసేవారు. చేస్తే చేశారు. ఆ బోర్డు నన్నెప్పుడూ మోసం చేయలేదు.

మొదట్లో నేను ప్రభుత్వ కార్యాలయం ముందు ముక్కాలి పీట వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. జనం ఏడుస్తూ చెప్పింది అధికారికి అర్థమయ్యేలా పెట్టడం అక్కడే అబ్బింది. ఆ రోజుల్లోనే మా బావమరిది లాండ్రీ పెట్టాడు. వాడు మా ఆవిడకు తమ్ముడు. తల్లి లేని పిల్లాణ్ణి మా ఆవిడే ఒళ్లో పెట్టుకుని పెంచింది. మా పెళ్లయ్యాక మా ఇంట్లోనే పెరిగాడు. మాకు పిల్లలు లేరు కాబట్టి వాడే కొడుకు, వాడే బావమరిది. పనిమంతుడు. బాయిలరు చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు. కాగితం చూస్తే మాత్రం ఆవలింతలు. చదవడం రాక కాదు, చదవడు.

“బావా, ఆసుపత్రి వాళ్ల బట్టలన్నీ మనకే వస్తే ఎలా ఉంటుంది?” అన్నాడు ఒకసారి.

“వాళ్లంతట వాళ్లు తెచ్చి మన గుమ్మంలో పోస్తారా? టెండరు వేయాలిరా.”

“రాసేవాడు ఇంట్లో ఉండగా నాకేం భయం?” అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

అలా మొదలైంది. అంతకుముందు ఆ కాంట్రాక్టు చేసినవాడు అన్నీ చేస్తానని రాసిచ్చి, వానాకాలం రాగానే చేతులెత్తేశాడట. రోగులు తడి దుప్పట్ల మీద పడుకున్నారని విన్నాను. అందుకని నేను మా కాగితాల చివర ఒక పేజీ చేర్చాను. మేము ఏమేం చేయలేమో అందులో రాశాను. బావమరిది దగ్గర పనిచేసే డ్రైవరు అది చూసి, “ఎవరైనా సంబంధానికి వెళ్లి పిల్లాడికున్న రోగాలు చెబుతారా?” అని నవ్వాడు.

అప్పటి సూపరింటెండెంటు డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిపించారు. “ఎవరయ్యా ఇది రాసింది?” అన్నారు. నేనే అన్నాను. “పని ఎప్పుడు ఆలస్యమవుతుందో నాకు ముందే చెప్పినవాడివి నువ్వొక్కడివే” అన్నారు. కాంట్రాక్టు మాకొచ్చింది. అంతటితో ఆగలేదు. ఆ మరుసటి టెండరు నుంచి ప్రతి సంస్థా అలాంటి పేజీ ఇవ్వాలని, కవర్లు తెరిచే రోజున దాన్ని అందరి ముందూ పైకి చదవాలని నిబంధన పెట్టారు. చదివేశాక తర్వాత ఎవరూ బుకాయించడానికి ఉండదు కదా. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. పల్లెటూరి బళ్లో చదువుకున్నవాడి చేతి పని అది. పెద్ద చదువులు చదివినవాళ్లు ఇప్పటికీ దాని ప్రకారం నడుస్తున్నారు.

మిగతా సంస్థల వాళ్లు ఆ పేజీలో “మాకు చేతకానిది లేదు” అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారు. గుమస్తా అది చదివితే హాలంతా నవ్వేది. మాది చదువుతుంటే మాత్రం వినేవారు. ప్రతిసారీ నేను లాండ్రీ అంతా తిరిగి, ఆడవాళ్లను అడిగి, కొత్తగా రాసేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు.

కాగితాలు పూర్తయ్యాక బావమరిది ముందు పెట్టేవాణ్ణి. “ఎక్కడ బావా?” అనేవాడు. వేలితో చూపించేవాణ్ణి. చకచకా సంతకాలు పెట్టేసి మళ్లీ బాయిలరు దగ్గరకు పోయేవాడు. ఒక్క వాక్యం చదివేవాడు కాదు. కవర్లు తెరిచే రోజున నాతో వచ్చినా హాలు బయటే టీ తాగుతూ ఉండేవాడు. “నామీద వాడికి అంత నమ్మకం” అని పదిమందిలో చెప్పుకున్నాను. నిజంగానే గర్వపడ్డాను.

మొన్నటి టెండరు దగ్గరికి వస్తాను. ఈసారి నగరం నుంచి ఒక పెద్ద కంపెనీ దిగింది. వాళ్లకు లారీలున్నాయి, పెద్ద పెద్ద మిషన్లున్నాయి. కాంట్రాక్టు వాళ్లకు పోతే మా లాండ్రీకి తాళమే. మిగతావి చిల్లర పనులే, ఇస్త్రీ బల్లల దగ్గరున్న ఆడవాళ్లంతా ఆసుపత్రి పని మీదే బతుకుతున్నారు. అందుకని ఎప్పుడూ లేనంత శ్రద్ధగా రాశాను. గడువు ఇంకా ఉండగానే బావమరిది ఇంటికొచ్చాడు.

“బావా, ఈసారి ఫైలు ముందే ఇచ్చెయ్. కవర్లూ సీళ్లూ నేను చూసుకుంటా. ఈ వయసులో నువ్వెందుకు తిరగడం?”

నాకు కళ్లు చెమర్చాయి. వాడు వెళ్లాక మా ఆవిడతో, “చూశావా, నీ తమ్ముడికి ఇన్నాళ్లకు బాధ్యత తెలిసింది” అన్నాను. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. కుళాయి ఇంకాస్త పెద్దది చేసింది. నీళ్ల చప్పుడులో నా మాట వినపడలేదనుకున్నాను.

కవర్లు తెరిచే రోజు బావమరిదికి పన్ను నొప్పి. బుగ్గ పట్టుకుని, “నువ్వెళ్లి కూర్చో బావా” అన్నాడు. లాండ్రీ ఆడవాళ్లు నా చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చారు. కాలరు నిలబడింది. ఆసుపత్రి పాత భవనంలో పొడవాటి హాలు. బల్లకు అటువైపు కమిటీ, ఇటువైపు మేము. పక్క కుర్చీలో కంపెనీ మేనేజరు కూర్చున్నాడు. జేబుకు మూడు పెన్నులున్నాయి. మర్యాదస్తుడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. పెద్దవాణ్ణని పెట్టాడనుకున్నాను.

ఇప్పటి సూపరింటెండెంటమ్మ గారు సైగ చేశారు. గుమస్తా ఒక కవరు చించి, చివరి పేజీ తీసి చదవడం మొదలుపెట్టాడు.

“మా ఆరబెట్టే ఆవరణ ఇస్త్రీ గది వైపుకు వాలి ఉంది. పెద్ద వాన పడితే గుమ్మం దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో వార్డుల దుప్పట్లు మధ్యాహ్నం దాటాకే ఇవ్వగలం. ఆపరేషన్ గుడ్డలు మడత పెట్టడం మా దగ్గర ఇద్దరు తోడికోడళ్లకే వచ్చు. ఇద్దరూ ఒకే పెళ్లికి వెళ్లిన రోజున ఆ మడతలు ఆలస్యమవుతాయి.”

హాల్లో నవ్వులు. నేనూ నవ్వాను. మొదట మా కవరే తెరిచారనుకుని నిటారుగా కూర్చున్నాను. అప్పుడు గుమస్తా కింద ఉన్న సంస్థ పేరు చదివాడు. కంపెనీ పేరు.

 తప్పు చదివాడనుకున్నాను. సూపరింటెండెంటమ్మ గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“మేనేజరు గారూ, మీవన్నీ మిషన్లు కదా. ఆరబెట్టే ఆవరణ ఎక్కడిది?”

మేనేజరు కాగితాలు తిరగేశాడు. “అంటే... ఈ ఊళ్లో కొత్తగా తీసుకుంటున్నామండీ.”

“ఏరికోరి వాలుగా ఉన్నదే తీసుకుంటున్నారా?”

మళ్లీ నవ్వులు.

“తోడికోడళ్లను కూడానా?” అన్నాడు కమిటీలోని ఇంజనీరు.

మేనేజరు తల దించుకున్నాడు. “మా టైపు చేసేవాళ్లు...” అని ఆగిపోయాడు. గుమస్తా మా కవరు చించాడు. అదే ఆవరణ. అదే వాలు. అదే పెళ్లి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“పెద్దాయనా, ఈ ఆవరణ ఎవరిది?” అని సూపరింటెండెంటమ్మ గారు నన్ను అడిగారు.

ఆ నిబంధన నాకు తెలుసు. ఒకే చేత్తో రాసిన కాగితం రెండు కవర్లలో కనిపిస్తే, ఇద్దరూ కుమ్మక్కయ్యారని రెండూ పక్కన పడేస్తారు. తెలియదండీ అని నేను గొణిగితే, ఏదో పొరపాటని సర్దేసి ధరల కవర్లు తెరిచేవారేమో. మాది అని చెబితే నా చేత్తో నేనే మా టెండరును గోతిలో వేసినట్టు. ఆ ఫైలు చూసింది ముగ్గురం. నేను, మా ఆవిడ, వాడు. ఆ లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. అయినా ఆ పేజీలో నేను ఏనాడూ అబద్ధం రాయలేదు. దాని గురించి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“మాదేనండీ” అన్నాను.

“మరి వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లింది?”

“నేను ఇవ్వలేదండీ.”

“మీరు ఇచ్చారని నేననను” అన్నారావిడ మెల్లగా. “కానీ నిబంధన నాకంటే మీకే బాగా తెలుసు.”

రెండు కవర్లూ పక్కన పెట్టారు. మళ్లీ టెండరు పిలుస్తామని, అంతవరకూ పాతవాళ్లే, అంటే మేమే, పని నడపాలని రాసుకున్నారు. హాజరు కాగితం మీద సంతకం పెట్టాను. వెనక కుర్చీలో ఎవరో, “అమ్ముకున్నాడేమోరా ముసలాయన” అన్నారు. వినపడింది. తిరిగి చూడలేదు.

తిన్నగా లాండ్రీకి వెళ్లాను. బావమరిది బాయిలరు కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. నోట్లో వక్కపలుకు నములుతున్నాడు.

“పన్నెలా ఉంది?” అన్నాను.

వాడు గబుక్కున లేచి కూర్చున్నాడు. “తగ్గింది బావా. అయిపోయిందా? ఎవరికొచ్చింది?”

“ఎవరికీ రాలేదు. మన ఆవరణ రెండు కవర్లలోంచి బయటపడింది.”

“ఆవరణేంటి?”

“చివరి పేజీరా. చేయలేని పనుల పేజీ.”

“ఏ పేజీ?” అన్నాడు.

వాడు నటించలేదు. నిజంగానే తెలియదు. ఇన్నేళ్లుగా నాకు పేరు తెచ్చిన పేజీ, వాడికి అన్నం పెట్టిన పేజీ, అలాంటిదొకటి ఉందనే వాడికి తెలియదు. ఫైలు ఎత్తి కంపెనీ చేతుల్లో పెట్టాడు. వాళ్లు సంస్థ పేరు మాత్రం మార్చుకుని మిగతాది అలాగే దించుకున్నారు. వాడు గానీ మేనేజరు గానీ ఒక్కసారి చదివినా ఆ పేజీ మార్చేసేవారు.

“ఎందుకు చేశావురా?”

చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “కాంట్రాక్టు వాళ్లకొస్తే మన లాండ్రీని కలిపేసుకుంటామన్నారు బావా. నన్ను ఇక్కడ ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు. ప్రతిసారీ వస్తుందో రాదో అని నేనింక చావలేను. నీక్కూడా ఆఫీసులో ఒక కుర్చీ అడిగాను.”

“కుర్చీ ఎవడు అడిగాడురా నిన్ను? మరి మన ధరల కవరు?”

“మనకు రాకుండా రేటు పెంచి రాశాను.”

“అంతా అయిపోయాక నన్నెందుకు పంపావు అక్కడికి?”

వాడు నేల చూపులు చూశాడు. “మనవాళ్లు ఎవరూ రాకపోతే అనుమానమొస్తుందని మేనేజరన్నాడు. నువ్వు కూర్చుంటే... నీ ముఖం చూస్తే ఎవరికీ ఏ అనుమానం రాదు కదా బావా.”

 ముక్కాలి పీట నాటి నుంచి నేను కూడబెట్టుకున్నది ఆ ముఖమే. దాన్ని తీసుకెళ్లి వాడు ముసుగులా తొడుక్కున్నాడు.

ఇస్త్రీ బల్లల దగ్గర చప్పుడు ఆగిపోయింది. తోడికోడళ్లలో పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చింది. “అంటే బాయిలరుతో పాటు మమ్మల్ని కూడా రాసిచ్చేశావా అయ్యా? పోనీ ఒక మాట చెబితే మూటాముల్లె సర్దుకునేవాళ్లం కదా.”

“నీకేం, నీ మూటలో నా చీరలే సగం” అంది చిన్నావిడ.

“ఉండవే. పెద్దయ్యా, మేమిద్దరం ఒకే పెళ్లికి వెళ్తామని రాశారట. ఎవరు చెప్పారు మీకు? దీనితో కలిసి నేను వీధి చివరికి కూడా వెళ్లను.”

నవ్వించాలనే అంది, పాపం. ఆ మాటయ్యాక తనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇంటికొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి నా ముఖం చూసి పక్కకు తప్పుకుంది. ఏమైందని అడగలేదు. అడగకపోవడంతోనే నాకు తెలిసిపోయింది.

“నీకు ముందే తెలుసా?”

“వాడు చెప్పొద్దన్నాడండీ.”

“వాడు చెప్పొద్దంటే సరే. మరి నేనెవర్ని?”

“నా చేతుల్లో పెరిగాడు. ఏడుస్తూ వచ్చాడు. మీతో చెబితే మీరు ఒప్పుకోరు, వాడు ఊరుకోడు. ఇద్దరి మధ్యా నేనేం చేయను? మీరు బాధపడతారని...”

“ఇప్పుడు పడటం లేదా?”

ఆవిడ మంచినీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. నేను ముట్టుకోలేదు. కాసేపటికి తనే తీసుకెళ్లిపోయింది. మా కాపురంలో మేం గట్టిగా అరుచుకున్న రోజులున్నాయి. వాటిలో ఏ రోజూ ఇల్లు ఇంత చల్లగా లేదు.

మళ్లీ టెండరు పిలిచారు. కంపెనీ ఆ తర్వాత బావమరిది ఫోను ఎత్తడం మానేసిందట. ముందు తోడికోడళ్లిద్దరూ మా గుమ్మంలోకి వచ్చారు, అదీ కలిసి. “ఆయన మీద కోపం ఆయన మీదే ఉంచండి పెద్దయ్యా. మా కోసం రాయండి” అన్నారు. ఆ మర్నాడు వాడొచ్చాడు. గడప దాటకుండా నిలబడి, “తప్పైపోయింది బావా, ఈ ఒక్కసారికి రాసిపెట్టు” అన్నాడు. రాస్తానన్నాను. వాడి ముఖం విప్పారింది. అంత తేలిగ్గా విప్పారకపోయినా బాగుండేది.

రాశాను. లాండ్రీ అంతా తిరిగాను, ఆడవాళ్లను అడిగాను. వాలు గురించి రాశాను, తోడికోడళ్ల గురించి రాశాను. దాని కింద ఇంకో నిజం చేర్చాను. మా ఆవిడ ఆ పేజీ తీసి చదివింది. చదివి, మళ్లీ వరుసలో ఎక్కడిది అక్కడ పెట్టి, “జిగురు సీసా ఎక్కడ పెట్టారు?” అంది. అప్పుడు తమ్ముడి కోసం ఊరుకున్న మనిషి ఇప్పుడు నా కోసం ఊరుకుందో, విసిగిపోయి ఊరుకుందో నేను అడగలేదు.

వాణ్ణి పిలిచి కాగితాలన్నీ ముందు పెట్టాను. ఈసారి వేలితో చూపించలేదు. చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. వాడు పేజీలు తిప్పాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. నేను కట్టుకున్న చేతులు విప్పాను.

“దీని మీద కూడా పెట్టాలా బావా?” అన్నాడు.

“పెట్టాలి.”

పెట్టేశాడు. కవరు అంటించి నేనే తీసుకెళ్లి ఇచ్చాను.

తెరిచే రోజు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. అదే హాలు, అదే బల్ల. వచ్చిన కొత్త సంస్థలు రెండూ తమకు చేతకానిది లేదని రాశాయి. మాది గుమస్తా చదివాడు. ఆవరణ అయింది, తోడికోడళ్లు అయ్యారు. తర్వాత ఇది.

“మా యజమాని తాను సంతకం పెట్టే కాగితం చదవడు. ఈ కాగితమూ చదవలేదు. కాబట్టి ముఖ్యమైన సంగతులు ఆసుపత్రి వారు ఆయనకు నోటితో చెప్పి, ఒప్పించుకోవాలి.”

హాలు గొల్లుమంది. సూపరింటెండెంటమ్మ గారు మాత్రం నవ్వలేదు. నా వంక ఒకసారి, వాడి వంక ఒకసారి చూశారు.

“ఇది నిజమేనా?”

వాడు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నిజమేనండీ” అన్నాడు.

“అయితే మీరు నెలనెలా ఇక్కడికొచ్చి మా మాట చెవులారా విని వెళ్లండి” అని ఆవిడ పక్కన రాసుకున్నారు. ధరల కవర్లు తెరిచారు. కాంట్రాక్టు మాకే వచ్చింది. నేను రాసిన ఆఖరి టెండరు అదే. అదీ నెగ్గింది, రాసి ఉంచుకోండి.

మెట్లు దిగుతుంటే వాడు వెనకనుంచి, “అందరి ముందూ నా పరువు తీశావు బావా” అన్నాడు.

నేను ఆగాను. “నువ్వు సంతకం పెడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూశానురా. చదువుతావేమోనని. ఆ ఒక్క వాక్యం నీ కంట పడి ఉంటే, నీ ముందే చింపేసి మళ్లీ రాసేవాణ్ణి.”

 నోటీసు బోర్డు పక్కనుంచి ఇద్దరం నడిచాం. అలవాటు కొద్దీ నా తల అటు తిరగబోయింది. తిప్పుకోకుండా గేటు దాటాను.